దూడ టీకా గుర్తుంటుంది, పిల్లాడి చుక్కలు గుర్తుండవా?

ఈ పోస్టు కొంచెం ఘాటుగానే ఉంటది. కోపమొస్తే కామెంట్లో తిట్టండి గానీ చివరిదాకా చదవండి.

మన విశాఖ చుట్టుపక్కల ఊళ్లలో గాలికుంటు టీకా వేస్తున్నారంటే చాలు, పొద్దున్నే పశువుల్ని తోలుకొచ్చి నిలబడతాం. ఇంట్లో చంటిపిల్లకి రోటావైరస్ చుక్కలు ఎన్నిసార్లు పడ్డాయంటే మాత్రం "ఆడోళ్లని అడగండి" అంటాం. ఇదేం న్యాయం?

"పోలియో చుక్కలు వేయించేశాం కదా" అంటారు కొందరు. అది వేరు, ఇది వేరు. పసిపిల్లల ప్రాణం మీదకి తెచ్చే నీళ్ల విరేచనాలకి పెద్ద కారణం ఈ రోటావైరస్సే. వాంతులు, జ్వరం, విరేచనాలు కలిసి పట్టుకుంటే ఒక్క రోజులో పిల్లాడు వాడిపోతాడు. 2013లో ప్రపంచం మొత్తమ్మీద ఐదేళ్లలోపు పిల్లలు సుమారు 2 లక్షల 15 వేల మంది దీనివల్ల పోయారని లెక్క కట్టారు. అందులో 47 వేల మంది మన దేశం పిల్లలే.

ఈ చుక్కలు దేశంలో ముందుగా ఉచితంగా మొదలుపెట్టిన 4 రాష్ట్రాల్లో మన ఆంధ్రా ఒకటి, 2016లో. అప్పుడు వేసిన రోటావాక్ తయారైంది హైదరాబాదులోనే. రోటావైరస్ పారుడు మన దూడలకీ వస్తది. రోటావాక్‌కి వాడింది మనిషి వైరస్సే గానీ, అందులో ఒక జన్యువు పశువుల వైరస్ నుంచి దానంతటదే వచ్చి చేరింది. పారుడు పట్టిన దూడ సాయంత్రానికి ఎలా కూలబడుతుందో మనకి ఒకరు చెప్పాలా?

"మా కాలంలో చుక్కలున్నాయా, మేం బతకలేదా?" అంటారు పెద్దలు. బతికినోళ్లం కాబట్టే మాట్లాడుతున్నాం. పోయినోళ్లు రచ్చబండకి రాలేరు కదా!

"చుక్కలు వేయించినా విరేచనాలొచ్చాయి" అని ఇంకో మాట. రావచ్చు. రోటావాక్ పరీక్షల్లో మొదటి ఏడాది తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు సగానికి పైగా తగ్గాయి, అన్నీ ఆగలేదు. మందు కొట్టినా తెగులు కొంత మిగిలిందని మందు కొట్టడం మానేస్తున్నామా?

విరేచనాలు మొదలైతే పళ్లొస్తున్నాయనీ, దిష్టి తగిలిందనీ పూటలు గడపకండి. వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఓఆర్ఎస్ పట్టండి, డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజులు జింకు వెయ్యండి, తల్లిపాలు ఆపకండి. కళ్లు గుంటలు పడినా, ఒంటేలు ఆగినా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి.

నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి, మొత్తం మూడుసార్లు చుక్కలు. చలికాలంలో ఈ వైరస్ జోరెక్కువ. చెరకు నరుకుడు ఉంది, సంక్రాంతి ఉంది అని వాయిదా వెయ్యకండి. ఈ రాత్రే టీకా కార్డు మీ చేత్తో తీసి చూడండి. ఖాళీ కనిపిస్తే రేపు ఏఎన్ఎం అమ్మని అడగండి. పైసా ఖర్చు లేదు. అడగడానికి నామోషీ దేనికి?