నేరం టేపుది కాదు

రాత్రి బ్యాకప్ ఆగిపోయిందంటే సర్వర్ గదిలో తీర్పు తయారుగా ఉంటుంది: టేపు పాతకాలపు సరుకు, నమ్మడానికి లేదు. ముందు క్యాట్రిడ్జ్ మారుస్తారు, తర్వాత డ్రైవు, చివరికి టేపే వద్దంటారు. ఈ తీర్పు తప్పు. యూనిక్స్ తరహా సర్వర్లలో టేపు మీదికి నెట్టే నేరాల్లో చాలావాటికి మూలం మన స్క్రిప్టుల్లోనే ఉంది.

అన్నిటికన్నా ఘోరమైనది ఒక్క అక్షరం తేడాతో జరుగుతుంది. లినక్స్‌లో ఒకే డ్రైవుకు ఎస్‌టీ0, ఎన్‌ఎస్‌టీ0 అని రెండు పేర్లు. మొదటి పేరుతో రాస్తే పని ముగియగానే టేపు మొదటికంటా వెనక్కి చుట్టుకుంటుంది. రెండో పేరుతో రాస్తే ఆగినచోటే నిలుస్తుంది. స్క్రిప్టు టార్ కమాండుతో ముందు యూజర్ల ఫైళ్లను, ఆ వెంటనే డేటాబేసును ఎస్‌టీ0కి పంపిందనుకోండి. రెండోది మొదటిదాని మీదే పడుతుంది. టార్ రెండుసార్లూ సవ్యంగానే ముగుస్తుంది, లాగులో ఒక్క ఎర్రర్ కనిపించదు. కొన్ని నెలలకు ఎవరికో పాత ఫైలు కావాల్సివస్తే, టేపు డేటాను మింగేసిందంటారు. మింగలేదు. రాయమన్నచోటే రాసింది.

బ్లాక్ సైజు గొడవా ఇలాంటిదే. 64 కేబీ బ్లాకులతో రాసిన టేపును, సైజు చెప్పకుండా 10 కేబీ చొప్పున చదవబోతే మెమరీ చాలలేదన్న అర్థంలో సందేశం వస్తుంది. దాన్ని చూసి ర్యామ్‌నో డ్రైవునో అనుమానిస్తారు. కెర్నెల్ లాగు తెరిస్తే టేపు మీదున్న బ్లాకు ఎంతో, మనం అడిగింది ఎంతో రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి. టార్‌కు బ్లాకింగ్ ఫ్యాక్టర్ 128 ఇస్తే అదే టేపు చదువుతుంది.

ఇక వేగం. ఎల్‌టీఓ-8 డ్రైవు సెకనుకు 360 ఎంబీ రాయగలదు. చిన్నచిన్న ఫైళ్లను నెమ్మదైన డిస్కు నుంచి ఏరుకొచ్చి అందిస్తే అది కొంతవరకు వేగం తగ్గించుకుని సర్దుకుంటుంది. ఆపైన ఆగడం, వెనక్కి రావడం, మళ్లీ మొదలుపెట్టడమే పని. టేపూ హెడ్డూ రెండూ అరిగిపోతాయి. ముందు వేగమైన డిస్కులో పోగుచేసి, మధ్యలో ఎంబఫర్ అనే ప్రోగ్రామ్ పెట్టి ఒకే ధారగా పంపితే ఈ బాధ ఉండదు.

డిస్కులో నాలుగు కాపీలుంటే చాలదా అంటారు. చాలదు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌లోని బగ్ వల్ల 0.02 శాతం జీమెయిల్ యూజర్ల మెయిళ్లు మాయమయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నా బగ్ వాటినీ వదల్లేదు. మెయిళ్లు తిరిగొచ్చింది ఆఫ్‌లైన్ టేపుల నుంచే. టేపు జోలికి పోనంత మాత్రాన అజాగ్రత్తా పోదు. 2017 జనవరిలో గిట్‌ల్యాబ్ డేటాబేసు పొరపాటున చెరిగిపోయినప్పుడు, రోజూ తీయాల్సిన డంపులు వెర్షన్ తేడా వల్ల అసలు తయారే కావడంలేదని తేలింది. విఫలమైందని చెప్పాల్సిన మెయిళ్లూ చేరలేదు. దాదాపు ఆరుగంటల డేటా పోయింది.

డ్రైవులు చెడిపోవని నేననను. చెడిపోతుంటే అవే చెబుతాయి: శుభ్రం చేయమనీ, టేపు అరిగిందనీ టేప్‌అలర్ట్ జెండాలు ఎత్తుతాయి. టేప్‌ఇన్ఫో అనే చిన్న కమాండుతో వాటిని చదవొచ్చు. కొత్త డ్రైవు కోసం వచ్చే ప్రతి అర్జీకీ ఆ జెండాల జాబితా, కెర్నెల్ లాగు, చివరిసారి అదే టేపు నుంచి ఫైళ్లు వెనక్కి తీసి చూసిన తేదీ జతచేయమనాలి. ఆ మూడూ లేని అర్జీని తిప్పి పంపాలి.