బిడ్డకు బత్తాయిరసం

పసిబిడ్డకు కాస్త నలత చేయగానే బత్తాయిరసం పిండడం మన ఇళ్ళలో పరిపాటి. శిశుపోషణలో పండ్లరసానికి ఈ గౌరవం ఊరక రాలేదు. 1883లో లండన్ వైద్యుడు థామస్ బార్లో, అంతవరకు రికెట్స్ అనుకొంటున్న ఒక శిశువ్యాధి నిజానికి స్కర్వీ అని తేల్చాడు. డబ్బా ఆహారంతో పెరిగే ఆ బిడ్డలకు చిగుళ్ళు వాచేవి. కాళ్ళు కదిపితే చాలు, కెవ్వుమనేవారు. నారింజరసం వారికి ఔషధమైంది.

అయితే తల్లి సరిగా తింటే ఆమె పాలలోనే బిడ్డకు చాలినంత 'సి' విటమిన్ ఉంటుంది. ఇక ఆ ఔషధంతో పనేమి? పైగా రసం తీసినప్పుడు పీచు పిప్పితో పోయి, చక్కెర గ్లాసులోకి దిగుతుంది. గుప్పెడు పొట్ట ఆ తీపితో నిండితే పాలకు, అన్నానికి చోటుండదు. సీసాలో పోసి ఇస్తే పాలపళ్ళు పుచ్చుతాయి.

భారత శిశువైద్యుల అకాడమీ 2019లో రెండేళ్ళలోపు రసమే వద్దన్నది. ఐదేళ్ళ వరకు రోజుకు 125 మిల్లీలీటర్లు మించరాదన్నది. 2017లో అమెరికా శిశువైద్యులు ఏడాదిలోపు మాత్రమే వద్దన్నారు. ఆరు నెలలు నిండిన బిడ్డకు అరటిపండు మెదిపి పెట్టడానికి అభ్యంతరం లేదు.

విరేచనాలు పట్టుకొన్నప్పుడు నీరసం తీరుతుందని రసం పట్టడం మరీ అపాయకరం. ఆ చక్కెర పేగులలోకి నీటిని లాగి విరేచనాలను హెచ్చిస్తుంది. అప్పుడు బిడ్డకు కావలసినవి తల్లిపాలు, ఓ.ఆర్.ఎస్. ద్రావణం.