నాలుగు చక్రాలకూ జవాబుదారీ

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరంలో సువర్ణరేఖ, ఖర్కాయి నదులు సంగమించే చోట ఉన్నది సోనారి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన నగరమది. 1912లో ఉక్కు పోత మొదలుపెట్టిన కార్ఖానా, 1945లో రైలింజన్ల కోసం పుట్టి 1954 నుంచి లారీలు తయారుచేస్తున్న టెల్కో (2003 నుంచి టాటా మోటార్స్), ఖర్కాయికి ఆవలి గట్టున ఆదిత్యపూర్‌లోని వందలాది విడిభాగాల పరిశ్రమలు ఆ నగరానికి ఊపిరి. ఇరుసు బలం మీదా, గేరుపెట్టె నాణ్యత మీదా సాధికారంగా మాట్లాడగలవారికి అక్కడ కొదవలేదు. అటువంటి చోట కూడా, నేటి క్రాసోవర్ కారు కింద దాగిన ఆల్‌వీల్ డ్రైవ్ యంత్రాంగం ఎన్నేళ్లు మన్నుతుందని ఒక కొనుగోలుదారు అడిగితే ఆధారంతో సమాధానం దొరకదు. అది అక్కడి కార్మికుల అజ్ఞానం కాదు. ఆ లెక్కలు కంపెనీల బీరువాలు దాటి బయటకు రాకపోవడమే అసలు కారణం.

ఇంజను శక్తిని రెండు చక్రాలకు గాక నాలుగింటికీ అందించడం కొత్త విద్యేమీ కాదు. సైనిక వాహనాలు, జీపులు దశాబ్దాలుగా ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. వాటిలో చోదకుడు మీట లాగితే నాలుగు చక్రాలూ బలం పుంజుకుంటాయి. అవసరం తీరాక మీట వెనక్కు నెడితే రెండు చక్రాలతోనే బండి సాగుతుంది. క్రాసోవర్ తీరు వేరు. పైకి జీపులా కనిపించినా సాధారణంగా అది కారు పునాది మీద నిలిచిన వాహనం. మామూలు దారిలో ముందు చక్రాలే దానిని లాగుతాయి. అవి జారుతున్నట్లు సెన్సార్లు పసిగట్టిన క్షణంలో, వెనుక ఇరుసు దగ్గర అమర్చిన క్లచ్‌ను కంప్యూటరు బిగించి కొంత శక్తిని వెనక్కు మళ్లిస్తుంది. స్వీడన్‌కు చెందిన హాల్డెక్స్ సంస్థ రూపొందించిన ఇటువంటి క్లచ్ 1998లో యూరప్ కార్లలోకి ప్రవేశించింది. అనంతర కాలంలో క్రాసోవర్లలో అత్యధికం ఏదో ఒక రూపంలో ఈ మార్గాన్నే అనుసరించాయి.

భారతదేశంలో 2010 అక్టోబరులో టాటా సంస్థ విడుదల చేసిన ఆరియా, క్రాసోవర్‌గా ప్రచారం పొందిన తొలి స్వదేశీ వాహనాల్లో ఒకటి. అవసరాన్ని బట్టి నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు అందులో ఉండేది. 2011లో మహీంద్రా ఎక్స్‌యూవీ 500, 2014లో రెనో డస్టర్ ఆల్‌వీల్ డ్రైవ్, 2017లో టాటా హెక్సా, 2021లో ఎక్స్‌యూవీ 700, 2022లో మారుతి గ్రాండ్ విటారా ఆ దారిన వచ్చాయి. 2025 జూన్‌లో టాటా హారియర్ విద్యుత్ కారు ముందొకటి, వెనుకొకటి చొప్పున రెండు మోటార్లతో రంగప్రవేశం చేసింది. పాడేరు, అరకు ఘాట్ రోడ్ల మీద భరోసా కోసం కొందరు, వర్షాకాలపు హైదరాబాద్ వీధులను తలచుకొని మరికొందరు, కేవలం హోదా కోసం ఇంకొందరు ఇటువంటి వాహనాల వైపు మొగ్గుతున్నారు. అదనంగా లక్షలు చెల్లించి వారు కొంటున్నది లోహపు ముద్దను కాదు, ఆపదలో ఆదుకుంటుందన్న నమ్మకాన్ని. ఆ నమ్మకానికి ఆధారమేమిటన్నదే ప్రశ్న.

ఈ యంత్రాంగానికి వచ్చే జబ్బులు ఇంజనీర్లకు తెలియనివి కావు. క్లచ్ పలకలు నూనెలో మునిగి పనిచేస్తాయి. అవి అరిగినకొద్దీ రాలే పొడి నూనెలో కలిసి, పంపు ముందున్న జల్లెడను మూసివేస్తుంది. పంపు బలహీనపడితే క్లచ్ బిగియదు. ముందువైపు నుంచి శక్తిని వెనక్కు మళ్లించే గేరుపెట్టెలో పట్టే నూనె స్వల్పం. కొన్ని నమూనాల్లో దాని చెంతనే పొగగొట్టం వేడి. ఆ నూనెను జీవితాంతం మార్చనక్కరలేదని చెప్పడం అమ్మకాలకు అనుకూలమే గాని, గేరుపెట్టెకు కాదు. మోకాలి లోతు నీటిలో పదేపదే నడిపిన బండి ఇరుసుల్లోకి తేమ చేరే ప్రమాదం ఉంటుంది. ఇసుకలోనో బురదలోనో చక్రాలు ఎక్కువసేపు జారితే క్లచ్ వేడెక్కి, తనను తాను కాపాడుకొనేందుకు తాత్కాలికంగా పని మానేస్తుంది. సహాయం కావలసిన ఘడియలోనే సహాయకుడు సెలవు పెట్టడమన్న మాట!

టైర్ల సంగతి మరీ విస్మరించరానిది. ముందు ఇరుసుకు 8 మిల్లీమీటర్ల మందం గల కొత్త టైర్లు, వెనుక ఇరుసుకు 3 మిల్లీమీటర్లకు అరిగిన పాత టైర్లు ఉన్నాయనుకుందాం. చుట్టుకొలతలో తేడా మూడు సెంటీమీటర్ల పైచిలుకు. సాధారణ క్రాసోవర్ చక్రం కిలోమీటరుకు 440 సార్లు తిరుగుతుందనుకుంటే, రెండు ఇరుసుల నడకలో కిలోమీటరుకు దాదాపు 14 మీటర్ల వ్యత్యాసం ఏర్పడుతుంది. క్లచ్ బిగిసినప్పుడల్లా ఆ వ్యత్యాసాన్ని దాని పలకలే భరించాలి. మధ్యతరగతి ఇంట్లో టైర్లను జతలుగానో, ఒక్కొక్కటిగానో మార్చడం ఆనవాయితీ. ఆ పొదుపు పెద్ద మరమ్మతుకు దారి తీస్తుందని షోరూములో ముందే చెప్పేవారు ఎందరు?

అన్నింటికన్నా ఆందోళన కలిగించే అంశం, ఈ లోపం తరచు మౌనంగా ఉండిపోవడం. బ్రేకు చెడితే తొలి మలుపులోనే తెలుస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే బండి కదలదు. వెనుక క్లచ్ క్రమేణా నీరసిస్తే మాత్రం కారు ముందు చక్రాల మీద యథావిధిగా సాగిపోతూనే ఉంటుంది. చాలా సందర్భాల్లో హెచ్చరిక దీపం వెలిగేసరికే నష్టం జరిగి ఉంటుంది. రెండు మూడేళ్లపాటు పట్టణ వీధుల్లో తిరిగిన యజమాని, ఏ ఘాట్ రోడ్డు ఎత్తుమీదనో వాన కురిసే రాత్రి తొలిసారి ఆ సదుపాయం మీద ఆధారపడినప్పుడు గాని నిజం బయటపడదు. అప్పటికి వారంటీ గడువు తీరిపోయి ఉన్నా ఆశ్చర్యం లేదు.

విదేశాల అనుభవం ఈ ఆందోళన ఊహాజనితం కాదని చాటుతోంది. 2014–17 నమూనాల జీప్ చెరోకీ వాహనాల్లో శక్తి మళ్లింపు గేరుపెట్టె లోపం వల్ల చక్రాలకు శక్తి ఆగిపోయే ప్రమాదం ఉందని 2020లో అమెరికాలో సుమారు 67 వేల బళ్లను వెనక్కు పిలిపించారు. 2019 తరువాతి టొయోటా ఆర్‌ఏవీ 4 హైబ్రిడ్ కార్లలో వెనుక మోటారుకు వెళ్లే అధిక వోల్టేజి కేబులు, చలిదేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పుకు తుప్పుపట్టింది. యజమానుల అసంతృప్తి పెరిగిన పిదప కంపెనీ ఆ భాగానికి వారంటీ పొడిగించవలసి వచ్చింది. విద్యుత్ వాహనాల్లో పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు, నూనె క్లచ్ ఉండవు గనుక ఇబ్బందులు తీరిపోయినట్లేనని భావించేవారికి ఈ రెండో ఉదంతం ఒక పాఠం. జబ్బు పోలేదు, గేర్ల నుంచి కేబుళ్లకు, కనెక్టర్లకు, సాఫ్ట్‌వేర్‌కు తావు మార్చుకున్నది.

ఈ విషయంలో దేశీయ చట్టాల తీరు ఎలా ఉన్నదో చూడాలి. 2012 జులైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద నియమావళి ప్రకటించేదాకా రీకాల్‌కు ఒక పద్ధతి అంటూ లేదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 110–ఏ సెక్షన్ ద్వారా, లోపభూయిష్టమైన వాహనాలను వెనక్కు పిలిపించే అధికారం కేంద్రానికి సంక్రమించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనలు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానాకు అవకాశం కల్పించాయి. హర్షించదగిన ముందడుగే. కాని ఆ నిబంధనలు ఏడేళ్ల లోపు వాహనాలకే పరిమితం. భద్రతకో పర్యావరణానికో ముప్పు తెచ్చేదే వాటి దృష్టిలో లోపం. పైగా అమ్మకాల సంఖ్యతో పోల్చి నిర్ణీత స్థాయిలో ఫిర్యాదులు అందితేనే యంత్రాంగం కదులుతుంది.

ఆల్‌వీల్ డ్రైవ్ కొనుగోలుదారు నష్టపోయేది సరిగ్గా ఇక్కడే. ఏ మోడల్‌లోనైనా ఆ సదుపాయం గల బళ్లు స్వల్పభాగమే. మొత్తం మోడల్ అమ్మకాలను కొలమానంగా తీసుకుంటే, ఆ కొద్దిమందిలో సగం మంది మొరపెట్టుకున్నా సముద్రంలో కాకిరెట్టే. వెనుక క్లచ్ పనిచేయకపోయినా బండి నడుస్తూనే ఉంటుంది గనుక అది భద్రతా లోపం కాదని తోసిపుచ్చడానికీ సందు ఉంది. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ కారు ఢీకొంటే ఏమవుతుందో నక్షత్రాలతో చెబుతుంది. ఐదేళ్లకు ఏ భాగం ఊడుతుందో చెప్పడం దాని పని కాదు. వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు గాని, తయారీ లోపాన్ని నిరూపించే బరువు ఆచరణలో ఒంటరి యజమాని నెత్తినే పడుతోంది.

విడిభాగాల సమస్య మరొకటి. 2020 ఏప్రిల్‌లో బీఎస్–6 ప్రమాణాలు అమలులోకి రావడంతో హెక్సా, డస్టర్ ఆల్‌వీల్ డ్రైవ్ వంటివి మార్కెట్ నుంచి నిష్క్రమించాయి. ఆరియా అంతకుముందే కనుమరుగైంది. తయారీ నిలిపివేసే హక్కు కంపెనీకి ఉంది. కాని లక్షలు పోసిన యజమానిని నడివీథిలో వదలివేసే హక్కు లేదు. తక్కువ సంఖ్యలో అమ్ముడైన వాహనానికి ప్రత్యేకమైన భాగం కావలసివస్తే, ఆ యజమాని పూర్తిగా కంపెనీ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడవలసిందే. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నాయన్న అభియోగంపై పోటీ వ్యవహారాల కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించడం, ఆ వివాదం అప్పీళ్ల బాట పట్టడం తెలిసిందే. 2022 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో వాహన రంగానికీ చోటు దక్కింది. అయితే స్వచ్ఛందంగా ఇచ్చే సమాచారం హక్కు కాజాలదు.

తయారీదారుల వాదనలోనూ కొంత నిజం లేకపోలేదు. సర్వీసు గడువులు దాటవేసేవారు, కొలతలు కలవని టైర్లు వేయించేవారు, నదీ ప్రవాహంలోకి కారు దింపి వినోదించేవారు యజమానుల్లో ఉన్నారు. ఆల్‌వీల్ డ్రైవ్ ఉన్నంతమాత్రాన బ్రేకు వేసినప్పుడు బండి తొందరగా ఆగదన్న ప్రాథమిక సత్యం తెలియనివారూ ఉన్నారు. అయితే ఈ అజ్ఞానాన్ని పోగొట్టవలసింది ఎవరు? కొండలెక్కే కార్లను టీవీ ప్రకటనల్లో అద్భుతంగా చూపేవారే, నూనె ఎప్పుడు మార్చాలో, టైర్లు ఎలా మార్చాలో, ఎంతసేపు జారితే యంత్రం ఆగిపోతుందో అంతే స్పష్టంగా చెప్పాలి. సికింద్రాబాద్‌లో కేంద్రం గల సైనిక మరమ్మతు విభాగం ఈఎంఈ వారి చేతుల్లో సైనిక వాహనాలు దీర్ఘకాలం మన్నుతున్నాయంటే, అందులో మంత్రమేమీ లేదు. క్రమం తప్పని తనిఖీ, రాతపూర్వకమైన చిట్టా – అంతే.

కర్తవ్యం సుస్పష్టం. ప్రతి మోడల్‌లోనూ ఆల్‌వీల్ డ్రైవ్ బళ్లను విడిగా లెక్కించి, వాటి అమ్మకాలతోనే ఫిర్యాదులను పోల్చే విధంగా రీకాల్ నిబంధనలను సవరించాలి. భాగాల వారీగా వారంటీ క్లెయిముల వివరాలను కంపెనీలు రవాణా మంత్రిత్వశాఖకు విధిగా సమర్పించాలి. వాటి సారాంశం ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ – ఫైర్‌స్టోన్ టైర్ల దుర్ఘటనల దరిమిలా 2000 సంవత్సరంలో అమెరికా చేసిన చట్టం, వారంటీ క్లెయిముల లెక్కలను నియంత్రణ సంస్థకు క్రమం తప్పక నివేదించాలని శాసించింది. అక్కడ వినియోగదారులు ఆ సంస్థకు చేసే ఫిర్యాదులను ఎవరైనా చదువుకోవచ్చు. వ్యాపార రహస్యాల పేరిట ఇక్కడ దానిని అడ్డుకోవడంలో అర్థం లేదు. అమ్మకం ఆగిపోయిన నాటి నుంచి కనీసం పదేళ్లపాటు శక్తి మళ్లింపు యంత్రాంగం విడిభాగాల సరఫరాను తప్పనిసరి చేయాలి. లోపాన్ని కనుగొనే పరికరాలు, సమాచారం సరసమైన ధరకు స్వతంత్ర గ్యారేజీలకు అందాలి.

ఇది పరిశ్రమకు భారమన్న వాదన చెల్లదు. జంషెడ్‌పూర్ లారీ దేశమంతటా పేరు గడించింది ప్రకటనల వల్ల కాదు. దారిపక్క మెకానిక్కు కూడా దానిని విప్పి బిగించగలగడం, ఏ ఊళ్లోనైనా దాని భాగాలు దొరకడం ఆ పేరుకు పునాదులు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద 40 శాతం జీఎస్టీ వసూలు చేస్తున్న ప్రభుత్వం, ఆ సొమ్ము చెల్లించిన పౌరుడికి తన కారు లోగుట్టు తెలుసుకొనే హక్కునైనా కల్పించాలి. ప్రమాదం జరిగాక విచారణ సంఘాలు వేసే అలవాటును ఈ ఒక్క విషయంలోనైనా మాని, నిబంధనల సవరణకు రవాణా మంత్రిత్వశాఖ తక్షణం పూనుకోవడం శ్రేయస్కరం.