స్కాలర్‌షిప్పు ఇంజనీరింగుకేనా?

గణితవేత్త ఎం.ఎస్. రఘునాథన్ అనంతపురంలో పుట్టారని తెలియగానే "మనవాడేనా? ఇంట్లో ఏ భాష?" అని రెండు రోజులు కొట్టుకున్నాం. ఆయన చేసిన లెక్కేమిటని ఒక్కరమూ అడగలేదు.

కాలంతోపాటు మారేవి ఎటు పోతాయో తేల్చే గణితాన్ని డైనమికల్ సిస్టమ్స్ అంటారు. అందులో ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన రఘునాథన్ ఊహించినదాన్ని 1990 ప్రాంతంలో రుజువు చేసింది మాస్కోలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మరీనా రాట్నర్. అప్పటికి ఆమెకు యాభై దాటింది. ఎవరి ఇంటి భాష ఏదని అక్కడ ఎవరడిగారు?

మనమేమో బి.ఎస్సీ. మ్యాథ్స్ చదువుతానన్న ఆడపిల్ల దరఖాస్తును "ఇంజనీరింగుకే" అని తిప్పి పంపాం. తమిళ మీడియంలో ఎక్కాలు నేర్చి రైల్వేలో అన్నం తిన్నవాళ్లం మేము చెబుతున్నాం: వచ్చే మీటింగులో ఆ రూలు మార్చండి. లేదంటే అనంతపురం పేరెత్తకండి.