ఆరు కిటికీల రచ్చబండ

మా బడిలో ఇంటర్వెల్ గంట కొట్టంగనే పిల్లలు ఒక ఆట మొదలు పెడుతున్నారు. దాని పేరు 'డిబేట్'. ఒకడు చాక్‌పీసుల డబ్బాను మైకులెక్క పట్టుకొని మధ్యల నిలబడతాడు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. మధ్యలోడు "మీరు ఆగండి, మీరు ఆగండి" అని అరుస్తుంటాడు. ఎవ్వరూ ఆగరు. ముందుగా చెప్పు తీసినోడు గెలిచినట్టు లెక్క. అయిదో తరగతి పిల్లలు!

ఇంకో సంగతి కూడా గమనించాం. ఈ ఆటలో ఒక పిల్లవాడికి రోజూ ఒకటే వేషం. వాడు నోరు తెరవంగనే మధ్యలోడు "బ్రేక్" అంటాడు. కంపెనీ పనికి ఒడిశా నుంచి వలస వచ్చిన కూలీ కొడుకు వాడు. వానికి ఆ వేషమే ఎందుకిస్తున్నారురా అని అడిగితే, "టీవీల గంతే గద సార్" అన్నారు.

పిల్లలు ఉన్నమాటే చెప్పిండ్రు.

ఆ చెప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి ఎరుకే. 2021 ఫిబ్రవరి 23న ఏబీఎన్ ఆంధ్రజ్యోతిలో చర్చ లైవ్ నడుస్తోంది. అమరావతి ఉద్యమం తరఫున కూర్చున్న కొలికపూడి శ్రీనివాసరావు, బీజేపీ నాయకుడు విష్ణువర్ధన్ రెడ్డిని చెప్పుతో కొట్టారు. నువ్వు తెలుగుదేశం మనిషివి అన్న మాట మీద లేచిన గొడవ అది. ఆ తర్వాత బీజేపీ ఆ ఛానెల్‌ను బహిష్కరిస్తున్నామని ప్రకటించింది. 2024లో కొలికపూడి తిరువూరు రిజర్వుడు స్థానం నుంచి అదే తెలుగుదేశం టికెట్ మీద ఎమ్మెల్యే అయ్యారు. ఆ సంగతి అట్లుంచుదాం.

ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర పది మందిని అడిగి చూశాం. చెప్పు పదిమందికీ యాదికున్నది. ఆనాటి చర్చ దేని మీద అంటే ఒక్కరూ చెప్పలేకపోయారు.

మనోళ్లలో కొందరు పడుచు పిల్లలు ఆ రోజు ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టారు. వాళ్ల సంతోషం మాకు అర్థమవుతుంది. చెప్పు కుట్టింది మనం. దొర గడీ ముందట నుంచి పోవాలంటే ఆ చెప్పునే విడిచి చేతబట్టుకొని నడిచింది కూడా మన తాతలే. అటువంటి చెప్పు ఒక రెడ్డి గారి మీదికి లేస్తే కడుపు చల్లబడినట్టు అనిపిస్తుంది. కానీ తమ్ముడూ, ఒక్కటి ఆలోచించు. ఆ దెబ్బతో నీ వాడకు నల్లా వచ్చిందా? నీ కాంట్రాక్టరు పీఎఫ్ కట్టిండా? ఆ దృశ్యం ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూపిస్తే అన్ని పైసలు ఛానెల్ యజమానికి. కోపం మనది, గల్లపెట్టె వాళ్లది.

ఇదంతా రేటింగుల కోసమే అని చదువుకున్నోళ్లు అంటారు. కొంత నిజమే. అయితే రేటింగుల మోసం కేసు బయటపడ్డాక 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా వార్తా ఛానెళ్ల రేటింగులు ఇవ్వడమే ఆపేశారు. చెప్పు లేచింది సరిగ్గా ఆ నడుమనే. మార్కులు వేసేటోడు లేకున్నా కొట్లాట ఆగలేదు. ఎందుకంటే సెల్‌ఫోన్లల్ల తిరిగేది ఆ ముక్కే. రెండు గంటల చర్చ ఎవడూ చూడడు, అర నిమిషం కొట్లాట అందరూ చూస్తారు.

పాత రచ్చబండ యాదికి తెచ్చుకోండి. బండ మీద పెద్దోళ్లు. మనం కింద, చేతులు కట్టుకొని, దూరంగా. తీర్పు మన మీదనే, మాట మాత్రం వాళ్లది. ఇప్పటి రచ్చబండకు ఆరు కిటికీలు. ఒక్కోసారి ఒక కిటికీ మనకూ ఇస్తారు. కానీ ఆ కిటికీ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. మైకు తగ్గించేది, పెంచేది వెనుక గదిలో కూర్చున్నోడు. యాంకర్ చెవిలో చిన్న యంత్రం పెట్టుకొని, వాడు ఏం చెబితే అది అంటాడు. యాంకర్ గెస్టు మీద అరిచిండు, గెస్టు యాంకర్ మీద అరిచిండు అని మనం అనుకుంటాం. అరవని మూడోవాడు ఒకడుంటాడు.

మంట అంటుకుంటే ఎవరు కాలుతారో 2018లో చూశాం. కత్తి మహేశ్ దళితుడు, సినిమా విమర్శకుడు. టీవీ చర్చలో రాముడి మీద ఆయన అన్న మాటలకు గొడవ లేచింది. జూలై 9న పోలీసులు ఆయనను ఆరు నెలలు హైదరాబాద్ నుంచి బహిష్కరించి చిత్తూరు జిల్లాకు పంపారు. రెండు రోజులకు పరిపూర్ణానంద స్వామినీ బహిష్కరించారు, ఆ మాట దాచం. ఆయన మాటలు మనకు నచ్చినా నచ్చకున్నా అడగాల్సింది ఒకటుంది. గెస్టును పిలిచి, రెచ్చగొట్టి, ఊరంతా వినిపించిన ఛానెల్‌కు ఏం వచ్చింది? నోటీసు. మనిషికి వచ్చింది ఊరు విడిచిపోయే శిక్ష. వెలివాడల చరిత్ర తెలిసినోళ్లకు ఈ శిక్ష కొత్తదేం కాదు.

యాంకర్లకు దెబ్బ తగలదని కాదు. 2025 జూన్‌లో సాక్షి టీవీలో గెస్టు ఒకాయన అమరావతి మహిళల మీద నీచంగా మాట్లాడితే యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావునూ అరెస్టు చేశారు. నాలుగు రోజులకు సుప్రీంకోర్టు విడిచిపెట్టమన్నది. అక్కడ కొట్లాట కూడా లేదు, నవ్వు ఉంది. ఆడోళ్ల మీద పడే మాటకు అడ్డం పడాల్సిన చోట యాంకర్ నవ్వాడు. అయినా ఆ నవ్వుకు జైలు మందు కాదనే మేమంటాం. ఇయ్యాల వాళ్ల మీద వాడిన లాఠీ రేపు మన కరపత్రం మీదికి రాదా?

ఇగ మన ఇంటి సంగతి. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. 50 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు. కొందరి ఆనవాలు డీఎన్‌ఏ పరీక్షతో గానీ తెలియలేదు. ఎనిమిది మంది శరీరాలే దొరకలేదు.

ఆ వారంలోనే ఒక ఛానెల్ నుంచి మా తమ్ముడు ఒకడికి ఫోన్ వచ్చింది. పటాన్‌చెరు పక్క ఊరివాడు, వేరే కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడు. పదేండ్ల నుంచి మాతో తిరుగుతున్నవాడు. ఒక పూట కూలీ వదులుకొని, ఇస్త్రీ అంగీ వేసుకొని హైదరాబాద్ పోయిండు. పోయే ముందు మేము కూర్చొని ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసిచ్చాం. కాంట్రాక్టు కూలీల పేర్లు ఏ రిజిస్టర్‌లో ఉంటాయి? పేలిన రోజు లోపల ఎంతమంది ఉన్నారో వెంటనే ఎవరూ ఎందుకు చెప్పలేకపోయారు? ఈ కంపెనీల్లో తనిఖీకి వచ్చినోడు చివరిసారి ఎప్పుడు వచ్చిండు?

రెండు గంటలు కూర్చోబెట్టారు. రెండు పార్టీల అధికార ప్రతినిధులు, మీ ప్రభుత్వంలో అనుమతులిచ్చారంటే మీ ప్రభుత్వంలో అని కొట్లాడుకున్నారు. యాంకర్ వాళ్లిద్దరి కంటే పెద్దగా అరిచిండు. ఒకాయన మైకు పీకి పారేసి లేచిండు, మళ్లీ కూర్చున్నడు. మావాడికి వంతు వచ్చేసరికి నలభై సెకండ్లు. మొదటి ప్రశ్న సగంలో ఉండగానే "మీరు ఏ పార్టీ?" అని అడిగిండు యాంకర్. కార్మికుణ్ని అన్నడు. "ఎవరు పంపిస్తే వచ్చారు?" అన్నడు. ఆపైన బ్రేక్.

రాత్రి పదకొండింటికి బస్సు దిగి మా ఇంటికే వచ్చిండు. కాగితం జేబులోనే ఉంది. "అన్నా, నేను గూడ అరుస్తే చూపిస్తుండె గావచ్చు" అన్నడు. ఆ మాట మాకు ఇప్పటికీ నిద్ర పట్టనిస్తలేదు.

మేము మర్యాద పాఠం చెప్పడానికి ఇది రాస్తలేం. మెల్లగ మాట్లాడు, వినయంగ మాట్లాడు అని వెయ్యేండ్ల నుంచి చెప్పించుకున్నోళ్లం. అంబేద్కర్ 1955లో బీబీసీ వాళ్లతో గాంధీ మీద మాట్లాడిన మాటల్లో వేడి తక్కువ లేదు. కానీ అడిగినవాడు అడిగి ఊరుకున్నాడు, ఈయన చెప్పేది చివరి దాకా చెప్పాడు. ఆ రికార్డు ఇప్పటికీ వినొచ్చు. కోపానికి మేము అడ్డం కాదు. ప్రశ్న పూర్తి కాకుండా చేసే కోపానికే అడ్డం.

అందుకని మా కమిటీలో ఒకటి అనుకున్నాం. టీవీకి పోవద్దని కాదు. పిలిచినోణ్ని ముందే అడగాలి, ఎన్ని నిమిషాలు ఇస్తవ్, ఎవరెవరు వస్తున్నరు, లైవా రికార్డా అని. ఒంటరిగా పోవద్దు. మన ఫోన్లో మనం కూడా రికార్డు చేసుకోవాలి. ఆ మూడు ప్రశ్నలనూ తెలుగులో, హిందీలో కరపత్రం వేసి షిఫ్టు మారే వేళ గేట్ల కాడ పంచాం. చదువు రానోళ్లకు నిలబెట్టి చదివి వినిపించాం. ఒడియాలో రాసిచ్చేటోళ్లు ఇంకా దొరకలేదు, ఎరుకున్నోళ్లు కబురు చేయండి.

మొన్న మా తమ్ముడికి మళ్లీ ఒక ఛానెల్ నుంచి ఫోన్ వచ్చింది. ఎన్ని నిమిషాలిస్తరు సార్ అని అడిగిండు. కనుక్కొని చెప్తం అన్నరట. ఇంకా చెప్పలేదు.