సైకిలు చట్రం: బిగువు, సౌఖ్యం

మన కళాశాల సైకిలు స్టాండులో కొంతకాలంగా సన్నని టైర్లు, క్రిందికి వంగిన హ్యాండిళ్లు గల రేసు సైకిళ్లు కనబడుతున్నవి. వాటిని కొన్న విద్యార్థులను ఏమి చూచి కొన్నారని మేము అడిగాము. “ఫ్రేము ఏమాత్రం వంగదు సార్!” అన్నదే అందరి జవాబు. అరచేతులు తిమ్మిరెక్కుతున్నవని, నడుము నొప్పి పెడుతున్నదని చెప్పినవారు కూడా వారే. వేగం కోరినవాడు బాధ ఓర్చుకోక తప్పదని వారి విశ్వాసం. అందులో సగమే సత్యమని మా అభిప్రాయం.

చట్రానికి బిగువు అవసరమే. ఎత్తు ఎక్కునపుడు లేచి నిలబడి తొక్కితే, పెడళ్ల ఇరుసున్న చోట చట్రం ప్రక్కకు ఒరుగుతుంది. హ్యాండిలును పట్టి ఉంచే ముందు గొట్టం మెలిదిరిగితే మలుపులో చక్రం చెప్పినట్లు వినదు. కాని ఈ బలాలు ప్రక్కవాటుగాను, మెలివేస్తూను పనిచేస్తవి. గతుకు దెబ్బ మాత్రం క్రిందినుండి పైకి వస్తుంది. దిక్కులే వేరైనపుడు ఈ రెండు గుణాలకు వైరమెందుకు? సఖ్తీ ఉన్నచోట నర్మీ ఉండదనుకొనుట ఇక్కడ పొరపాటు. ఏ దిక్కున ఏది కావాలన్నదే అసలు ప్రశ్న.

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలును నిర్మించాడు. నేటి సైకిలుకు అదే మూలం. ఆ తరువాత స్థిరపడిన చట్రం రెండు త్రిభుజాల కూర్పు. త్రిభుజం నిలువు దెబ్బకు దాదాపు లొంగదు. కనుక రౌతుకు హాయిని ప్రసాదించినది ముఖ్యంగా 1888లో డన్‌లప్ రూపొందించిన గాలి టైరే గాని చట్రం కాదు.

లోహాన్ని గురించిన అపోహ మరొకటి. అల్యూమినియం చట్రం కఠినమని, ఉక్కు చట్రం మెత్తనిదని వాడుక. నిజానికి అల్యూమినియం సాంద్రత ఉక్కులో ఇంచుమించు మూడవ వంతు. వంగకుండ నిలిచే స్వభావం కూడా మూడవ వంతే. సన్నని అల్యూమినియం గొట్టాలతో చేసిన ఫ్రెంచి విటూస్ సైకిలు బాగా వంగుతుందనే పేరు పొందినది. అట్టి సైకిలు మీదనే ఐర్లండు వీరుడు షాన్ కెల్లీ 1984, 1986 సంవత్సరాలలో పారిస్–రూబే పందెం గెలిచాడు. నేడు 50 కిలోమీటర్లకు పైగా రాళ్లు పరచిన బాట మీద సాగే పందెమది. వంగే చట్రం విజయానికి అడ్డు కాలేదు! అమెరికాలో క్లైన్, కానన్‌డేల్ సైకిళ్లు లావు గొట్టాలతో వచ్చినవి. గొట్టపు రేకు మందం మార్చక వ్యాసాన్ని రెట్టింపు చేస్తే బరువు రెండింతలు, బిగువు సుమారు ఎనిమిదింతలు అవుతుంది. కాఠిన్యం లోహానిది కాదు, ఆకారానిది.

కార్బన్ నారతో పని మరింత సులువైనది. నారను ఏ దిశలో పరిస్తే ఆ దిశలో బలం. పెడళ్ల వద్ద లావుగా, వెనుక చక్రం నుండి సీటు వైపు పోయే కమ్మీలను సన్నగా చేయవచ్చును. ట్రెక్ సంస్థ 2012లో తెచ్చిన డొమానె సైకిలులో సీటు గొట్టాన్ని పై గొట్టానికి బిగించక, కీలు మీద నిలిపారు. గతుకు తగిలినపుడు సీటు గొట్టం వంగి దెబ్బను మ్రింగుతుంది. ముందు గొట్టాన్ని కొంత పొడవు చేస్తే నడుము మీద వంపు తగ్గుతుంది.

ఇంత చేసినను గతుకు దెబ్బను అధికంగా భరించేది టైరే. ఒకప్పుడు పందెగాండ్రు 23 మిల్లీమీటర్ల టైర్లను రాయివలె బిగించేవారు. నేడు వారే 28, అంతకు మించిన వెడల్పుకు మారినారు. మన పాలవారు, పోస్టుమన్లు తొక్కిన నల్ల సైకిలుకు ఒకటిన్నర అంగుళాల టైరు, ముందుకు చాచిన ఫోర్కు, స్ప్రింగుల సీటు ఉండేవి. మట్టిబాటకు తగినట్లు కుదిరిన సైకిలు అది. దానిని మోటుదని నవ్వుట తగదు.

కావున విద్యార్థులకు మా సలహా ఇది. ఇంటివారు కష్టించి కూడబెట్టిన డబ్బును “వంగదు” అన్న ఒక్క మాటకు ధారపోయకండి. ఆ చట్రంలో ఎంత వెడల్పు టైరు పట్టునో చూడండి. కూర్చుండి హ్యాండిలు అందుకొని చూడండి. ఉన్న సైకిలుకు మీ బరువునకు తగినంత గాలియే పట్టండి.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. స్టాండులో గాలి పీడనం చూపే ముల్లు గల పంపు ఒకటి పెట్టించగలరు. కొత్త చట్రం ధరతో పోలిస్తే దాని ఖర్చు స్వల్పం. ఈ పిల్లల నడుములకు, అరచేతులకు అది చేసే మేలు మాత్రం స్వల్పం కాదు.