చిత్రములందలి సముద్రము

ప్రతి సంవత్సరమును సముద్రరక్షణనుగూర్చి మన విద్యార్థులకు చిత్రలేఖనపు పోటీ జరుగుచుండును. నీలిసముద్రమును, అందు కన్నీరు విడుచు తాబేలును పిల్లలు మిగుల చక్కగా చిత్రింతురు. బహుమతుల పంపకమును జరుగును. మూడవనాటికి ఆ చిత్రములలో కొన్ని, థర్మోకోలు పలకలతోను మెరుపుపొడితోను గూడ, వీధికాలువలో తేలుచుండును. ఆ కాలువ యేటికిని, ఏరు సముద్రమునకును పోవును గదా! అలంకారమునకు వాడు థర్మోకోలును 2022 జూలై 1వ తేదీనుండి భారతప్రభుత్వమువారు నిషేధించియున్నారు. ఇందు పిల్లల తప్పిదము కొంచెమే. పలకలు తెమ్మన్నవారమును, మెరుపునకు మార్కులు వేసినవారమును మేమే.

కావున చిత్రకళవలన ప్రయోజనము లేదని కొందరందురు. మే మట్లు తలంపము. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున బాండన్ అను సముద్రతీరపు పట్టణము కలదు. చిత్రకళను బోధించిన ఏంజెలా హేసెల్‌టైన్ పోజీగారు 2010లో అచ్చట ‘వాష్డ్ అషోర్’ అను సంస్థను స్థాపించిరి. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ప్లాస్టిక్కును జనులు ఏరి, కడిగి, రంగులవారీగా వేరుచేసి, దానితోనే చేపలు, పక్షులు, తాబేళ్లు మున్నగు పెద్ద బొమ్మలను కట్టుదురు. దూరమునుండి చూచువారికి అది వన్నెవన్నెల చేప. దగ్గరకు పోయినచో సీసామూతలు, చెప్పులు, వలత్రాళ్లు, పండ్లు తోముకొను బ్రష్షులు. ఇట్టిది మా యింటను గలదే యని గుర్తించిన క్షణమున చూచువాని నవ్వు ఆగిపోవును. కన్నీటి తాబేలు మనకు జాలి కలిగించును. ఈ చేపయో, మనలను బోనులో నిలువబెట్టును.

బొమ్మలచే సముద్రము శుద్ధి యగునని మేము భ్రమపడుట లేదు. ప్లాస్టిక్కు ఎండకును అలలకును చితికి ఇసుకరేణువులంత యైనపిదప దాని నేరుట యెవరి తరము? కాలువగట్టునందున్నప్పుడే పట్టుకొనవలెను.

పిల్లలచేత చెత్త యెత్తించుట అవమానమని తల్లిదండ్రులలో కొందరు తలంతురు. అది ఫలానా కులమువారి పని యను తలంపు, శిష్యుల పాదములు కడిగిన ప్రభువు పేరట నడచు పాఠశాలలో నిలువదగినది కాదు. చేతితొడుగులిచ్చి, గాజుపెంకులను సూదులను తాకనీయక, ఉపాధ్యాయులును పిల్లలతో వంగి యేరవలెను. (మా నడుములకు గూడ అది మేలే.)

ఈ యేటి పోటీకి కొత్తగా కొన్న వస్తువేదియు తేగూడదనియు, ప్రతి ముక్క దొరికిన చోటును బొమ్మక్రింద వ్రాయవలెననియు మా కోరిక. బహుమతి పొందిన బొమ్మను కార్యాలయపు గోడకు తగిలింపక భోజనశాల వాకిట నుంచుడు. ప్లాస్టిక్కు సంచు లెక్కువగా విప్పబడునది అచ్చటనే.